‘భద్రమైంది’ అన్న తెర

మార్చి 4, సోమవారం

ఈ డైరీ ఎవరిచ్చారో కూడా గుర్తులేదు. బట్టల అడుగున పడి ఉంది. ఎవరికో చూపించడానికి రాయడం లేదు. నోరు విప్పితే ఇంట్లోనూ గొడవే, ఆఫీసులోనూ గొడవే. కాగితానికి ఎదురు చెప్పడం రాదు, అందుకని దీని మీద పడ్డాను.

ఇవాళ మీటింగులో మా ఆయన, డయాలసిస్ సెంటర్ పెద్ద డాక్టరుగారికి మాటిచ్చేశారు. నెలాఖరుకల్లా వాళ్ళ రోగుల రికార్డులన్నీ కొత్త డేటాబేస్‌లోకి వచ్చేస్తాయట. ఎవరు తెస్తారు? నేను. నన్నడిగారా? నేను ఆ గదిలోనే ఉన్నాను, ఎదురు కుర్చీలో, చేతిలో పెన్నుతో. నా వంక చూసి మరీ నవ్వారు.

డేటాబేస్ మార్చడం తప్పని నేననడం లేదు. మార్చమని మొదట అన్నది నేనే. నా కోపం దాని మీద కాదు.

ఇంటికొచ్చాక అడిగాను. "నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"నువ్వు చేస్తావని నాకు తెలుసు కదా. బయటివాళ్ళనైతే అడిగేవాణ్ణి" అన్నాడు.

అవును, అన్నాడు. ఆఫీసులో మేనేజరుగారు, ఇంట్లో ఏమండీ. ఇక్కడ మాత్రం ‘డు’. నా డైరీ, నా ఇష్టం.

మార్చి 6

కూరగాయలు తరుగుతూ అత్తయ్య అడిగారు, "ఏమిటమ్మాయ్, మీ ఇద్దరూ కంచాల ముందు కూడా ఆ డేటాబేసు గొడవే? అసలేమిటది?"

చెప్పాను. "ఇప్పుడున్నది అరల బీరువా అత్తయ్యా. ఏ అరలో ఏం పెట్టాలో ముందే గీసేశారు. కొత్త వస్తువొస్తే బీరువా కోసి ఇంకో అర బిగించాలి. డయాలసిస్ రోగులు ఒక్కొక్కరూ ఒక్కో రకం. ఒకరికి షుగరు, ఒకరికి గుండె, ఒకరికి రెండూ. అందుకని ఒక్కో మనిషికి ఒక్కో సంచీ ఇచ్చేస్తున్నాం. ఎవరివి వాళ్ళ సంచీలో. ఆ సంచీనే డాక్యుమెంట్ అంటారు."

"బాగానే ఉందిగా. మరి ఎందుకు మొహం అలా పెట్టుకున్నావ్?"

"సంచీలు ఉంటే చాలా? నర్సులు వాడే వెబ్ అప్లికేషన్ జావాలో ఉంది. దానికీ ఈ సంచీల గదికీ దారి వెయ్యాలి. ఆ దారి వేసేది నేను."

"వాడికి చెప్పకపోయావా, టైం సరిపోదని?"

"మీ అబ్బాయికా?"

అత్తయ్య తరుగుతున్న వంకాయ ముక్కలు చిన్నవయ్యాయి.

మార్చి 11

రోజంతా మట్టిగొట్టుకుపోయింది.

అప్లికేషన్ నుంచి డేటాబేస్‌కి కనెక్షన్ కలవదు. ఒక ముక్క రాస్తే చాలు, ఫలానా సర్వర్, ఫలానా పేరు, ఫలానా పాస్‌వర్డ్ అని. ఆ వరస అంతా ఒకే లైనులో రాస్తాం. రాశాను. "అలాంటి సర్వర్ లేదు" అంటుంది. ఉంది మొర్రో అంటే వినదు. లైబ్రరీ మార్చాను. మళ్ళీ మార్చాను. నా కళ్ళు మార్చుకోవడం ఒక్కటే తక్కువ.

డేటాబేస్ మెషిన్లు చూసుకునే మీసాలాయన కింద గదిలో ఉంటాడు. నాలుగుసార్లు దిగాను. "ఇక్కడ అంతా బ్రహ్మాండంగా ఉంది మేడమ్" అంటాడు, మీసం దువ్వుకుంటూ. చివరికి తేలింది, ఆయనగారు పెట్టిన పాస్‌వర్డ్ మధ్యలో ‘@’ గుర్తు ఉంది. ఆ వరసలో ‘@’ కనిపిస్తే చాలు, పాస్‌వర్డ్ అక్కడితో అయిపోయిందనీ, తర్వాతదంతా సర్వర్ పేరనీ అనుకుంటుంది అది. సగం పాస్‌వర్డ్ పట్టుకుని ఆ పేరున్న సర్వర్ కోసం ఊరంతా వెతుకుతోంది పాపం.

"గట్టి పాస్‌వర్డ్ పెట్టమన్నారు కదా మేడమ్, గట్టిదే పెట్టా" అన్నాడు.

ఆ మీసాలు పట్టుకుని గుంజాలనిపించింది.

మార్చి 12

కలిసింది!

మార్చి 15

కలిసింది సరే, మధ్యాహ్నానికి ఊపిరాడక పడిపోయింది. ఎవరో ఏనాడో రాసిన నమూనా చూసి పాత టీమ్ వాళ్ళు అప్లికేషన్‌లో పెట్టిన ముక్కే కారణం. నర్సు బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరుస్తోంది, మూయడం లేదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కొత్త గుమ్మం కొట్టినట్టుంది. అంతా తీసేశాను. అప్లికేషన్ లేచేటప్పుడు ఒక్కసారి తెరవాలి, అందరూ దాన్నే వాడుకోవాలి, అప్లికేషన్ ఆగేటప్పుడు మూయాలి. అంతే. ఇప్పుడు నెమ్మదిగా, హాయిగా నడుస్తోంది.

సాయంత్రం సెంటర్‌కి వెళ్ళి నర్సులకి చూపించాను. మంచాలన్నీ వరసగా, పక్కన మెషిన్లు, గొట్టాల్లో రక్తం తిరుగుతూ ఉంటుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు కళ్ళు తిరిగాయి. ఇప్పుడు అలవాటైంది.

అందరికంటే సీనియర్ ఆ కళ్ళజోడు నర్సు. ఏదీ ఊరికే ఒప్పుకోదు.

"మేడమ్, నేను ఇందులో ఎక్కించింది నిజంగా ఎక్కిందని నాకెలా తెలుస్తుంది?"

"పచ్చరంగులో ‘భద్రమైంది’ అని వస్తుంది. ఎక్కకపోతే ఎర్రగా వస్తుంది, ఎందుకు ఎక్కలేదో కూడా చెప్తుంది."

"పచ్చగా వస్తే నేనింక కాగితం మీద వేరే రాసుకోనక్కర్లేదా?"

"అక్కర్లేదు. మానేయండి."

ఆవిడ నా మొహంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. నిజమే అన్నట్టు తలూపాను.

మార్చి 20

పెద్ద డాక్టరుగారికి చూపించే రోజు. అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. బటన్ నొక్కాక తెర మీద చక్రం గిరగిరా తిరుగుతుంది, ఆ తర్వాతే పచ్చరంగు.

"మా పాతదే నయంలా ఉందే" అన్నారాయన, నవ్వుతూనే.

మేనేజరుగారి మొహం కందగడ్డ అయింది. బయటికి రాగానే మొదలుపెట్టాడు. "ఆ చక్రం తీసెయ్."

"తీస్తే పోయేది చక్రం కాదు. డేటాబేస్ మూడు మెషిన్ల మీద ఉంది, రెండు వేరే ఊళ్ళో. కనీసం రెండిట్నించి ‘అందింది’ అని జవాబొచ్చేదాకా ఆగుతున్నాం. జవాబు రాకుండా పచ్చరంగు చూపిస్తే అబద్ధం చెప్పినట్టు."

"ఎప్పుడైనా అందకుండా పోయిందా?"

"పోలేదు. ఆగుతున్నాం కాబట్టి, పోతే తెలుస్తుంది."

"నీకు ప్రతిదీ భూతద్దంలోనే కనిపిస్తుంది."

"తియ్యను" అన్నాను. కారిడార్‌లో, నలుగురూ తిరుగుతుండగా, కుండ బద్దలు కొట్టినట్టు అనేశాను. "రాసేది మనుషుల ఒంట్లోంచి ఎంత నీరు తీయాలన్న లెక్క. అందిందో లేదో చూడకుండా నేను పచ్చరంగు చూపించను."

"సరే, వదిలెయ్" అన్నాడు.

వదిలెయ్ అన్నాడు! పెళ్ళయ్యాక నా మాట మీద ఈయన వెనక్కి తగ్గడం ఎప్పుడైనా చూశానా? దారిలో ఇద్దరం టీ తాగాం. నా కప్పు కూడా ఆయనే తెచ్చాడు.

మార్చి 29

మొదలైంది. సెంటర్‌లో అందరూ కొత్తదే వాడుతున్నారు. చక్రం కనిపించడమే లేదు, నొక్కగానే పచ్చరంగు. ఇంత వేగం ఎలా వచ్చిందని ఈయన్ని అడిగితే "కొత్త ఇంటర్నెట్ లైను వేయించాంలే" అన్నాడు.

మంచిదే. చూశావా, నేను పట్టుబట్టకపోతే ఈ లైను వేయించేవాడా?

ఏప్రిల్ 9

సెంటర్‌లో ఒక రోగి పడిపోయాడు. లారీ నడిపి రిటైరైన మనిషి. నేను వెళ్ళినప్పుడల్లా "ఏమ్మా, ఇంకా బటన్లు నొక్కుతూనే ఉన్నావా" అని పలకరిస్తాడు. ఈమధ్య కాస్త తిండి పట్టి ఒళ్ళు చేశాడట. అందుకని శనివారం కొత్తగా చేరిన డాక్టరు అతని డ్రై వెయిట్ పెంచారు. ఒంట్లో అదనపు నీరంతా తీసేశాక మనిషి ఎంత బరువుండాలో అది. మెషిన్ దాన్నిబట్టే నీళ్ళు లాగుతుంది. ఇవాళ మెషిన్ పక్కన తెర మీద పాత బరువే కనిపించింది. పట్టిన ఒంటిని కూడా నీరే అనుకుని లాగేశారు. బీపీ పాతాళానికి పోయింది, కాళ్ళు కొంకర్లు పోయాయి, స్పృహ తప్పింది. ఐసీయూలో ఉన్నాడు. బతుకుతాడన్నారు.

కొత్త బరువు రికార్డులో లేదు. శనివారం డ్యూటీలో ఉన్నది కళ్ళజోడు నర్సు. ఎక్కించడం మర్చిపోయిందని తేల్చారు, పనిలోంచి పక్కన పెట్టారు.

ఎంత నిర్లక్ష్యం! ఒక్క అంకె. ఒక్క బటన్. పెద్ద కళ్ళజోడు పెట్టుకుని నన్ను అన్ని ప్రశ్నలడిగిందే, చెయ్యాల్సింది మాత్రం చెయ్యలేదు. ఒళ్ళు మండిపోతోంది.

ఏప్రిల్ 10

నర్సు ‘నేను ఎక్కించాను’ అంటోందట. మేనేజరుగారు ఆఫీసు తరఫున రిపోర్టు రాశాడు: వాడేవారి పొరపాటు.

కోడ్ అంతా మొదట్నించి చదివాను. నా కోడ్‌లో తప్పు లేదు.

ఏప్రిల్ 11

నా కోడ్‌లో తప్పు లేదు.

ఏప్రిల్ 12

సెంటర్‌కి వెళ్ళాను. కళ్ళజోడు నర్సు గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చేసి మెట్లు దిగుతోంది. నన్ను చూసి ఆగలేదు. నేనే వెంటపడ్డాను.

"శనివారం ఏమైందో చెప్పండి."

"ఏం చెప్పమంటారు మేడమ్? మీ ఆఫీసువాళ్ళు రాసేశారుగా, పొరపాటని."

"మీరు బటన్ నొక్కారా?"

ఆవిడ ఒక మెట్టు పైకెక్కి నాకు ఎదురుగా నిలబడింది. "నొక్కాను. పచ్చగా వచ్చింది. ‘భద్రమైంది’ అని వచ్చింది. ఇదివరకైతే కాగితం మీద కూడా రాసుకునేదాన్ని. మానేయమన్నది ఎవరు మేడమ్?"

నేనే.

"ఇన్నేళ్ళలో ఒక్క మనిషికి ఒక్క మందు తప్పు ఇవ్వలేదు నేను. ఇవాళ మా ఆయనకి చెప్పలేక, టిఫిన్ బాక్స్ పట్టుకుని డ్యూటీకి వెళ్ళినట్టే వచ్చాను" అంది. గొంతు వణకలేదు. అందుకే నాకు మరీ భయమేసింది.

ఏడ్చి ఉంటే, అబద్ధమనుకుని ఇంటికి వచ్చేసేదాన్నేమో.

ఏప్రిల్ 15, సోమవారం

వరసగా రాయాలి. లేకపోతే పిచ్చెక్కుతుంది.

పొద్దున్నే కొత్త డాక్టరు పేరు మీద ఎక్కినవన్నీ వెతికాను. ఆవిడ చేరి వారం దాటింది. రోజూ రోగుల్ని చూస్తున్నారు. రికార్డులో ఆవిడ పేరు మీద ఒక్క ఆర్డరు కూడా లేదు. ఒక్కటంటే ఒక్కటి. వారమంతా నర్సులందరూ మూకుమ్మడిగా మర్చిపోతారా?

నా టేబుల్ మీది కంప్యూటర్లో అదే బరువు, అదే డాక్టరు, ఎక్కించి చూశాను. ఎర్రగా వచ్చింది. ‘భద్రం కాలేదు. డాక్టరు కోడ్ సరిగా లేదు.’ సెంటర్ వాళ్ళు ఒక్కో డాక్టరుకి ఒక కోడ్ ఇస్తారు, ఒక అక్షరం, మూడంకెలు. అలా లేనిది తీసుకోవద్దని డేటాబేస్‌కి రూలు పెట్టమన్నదీ వాళ్ళే. మూడంకెలు అయిపోయి, కొత్త డాక్టరుకి నాలుగంకెలు ఇచ్చారు, మాకు చెప్పలేదు. సరే, అది చిన్న సంగతి. డేటాబేస్ తన పని తాను చేసింది, తీసుకోనంది. ఎర్రగా వచ్చి ఉంటే ఆ పూటే మాకు ఫోనొచ్చేది, ఆ పూటే సర్దేసేవాళ్ళం.

మరి వార్డులో పచ్చగా ఎందుకొచ్చింది? ప్రోగ్రామ్ రెండుచోట్లా ఒకటే. అయితే తేడా బయట ఉండాలి. వార్డు సర్వర్ మీద సెట్టింగుల ఫైలు తెరిచాను. కనెక్షన్ వరస చివర నేను రాయని ముక్క ఒకటి అంటించి ఉంది. w=0.

అర్థం ఇంతే: పంపించాక జవాబు కోసం చూడొద్దు. తీసుకున్నా, తీసుకోకపోయినా, నాకు చెప్పొద్దు.

తీసేశాను. ఎవర్నీ అడగలేదు. కొత్త డాక్టరుకి ఫోన్ చేసి, "మీ ఆర్డర్లు ఏవీ ఎక్కలేదు, ఇప్పుడే అన్నీ మళ్ళీ చూసుకోండి, రూలు కూడా సరిచేశాను" అని చెప్పాను. ఆవిడ "మీకు బుద్ధుందా?" అంది.

కిందికి దిగాను. మీసాలాయన టీ తాగుతున్నాడు.

"ఈ సున్నా ఎవరు పెట్టారు?"

నీళ్ళు నమిలాడు. "అదీ మేడమ్... సార్ చెప్పారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు తెలుసన్నారు మేడమ్. ఇంట్లో మాట్లాడుకున్నాం అన్నారు."

ఇంట్లో మాట్లాడుకున్నాం.

ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పలేదు. అత్తయ్య ఉన్నారనీ చూడలేదు. "కొత్త లైను వేయించారా?" అని అడిగాను.

ఈయనకి అర్థమైపోయింది. వాచీ తీసి బల్ల మీద పెట్టాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఒక్క సున్నా అది. ఎప్పుడూ ఏమీ కాలేదు. ఇలా అవుతుందని ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. చెప్పాను."

"నువ్వు చెప్పింది వేరే..."

"మనిషి చచ్చిపోయేవాడు! ఆవిడ ఉద్యోగం పోయింది! మీరు రిపోర్టు రాసేటప్పుడు సున్నా సంగతి తెలుసా, తెలీదా?"

మళ్ళీ వాచీ విప్పాడు. తెలుసు. తెలిసే రాశాడు.

"అరవకు. శుక్రవారం వాళ్ళతో మీటింగుంది. నేనే చెప్తాను. నా నోటితో చెప్పనీ."

అత్తయ్య గుమ్మంలో నిలబడి కొడుకు వంకే చూస్తున్నారు. "చెప్తాడులే అమ్మాయ్" అన్నారు నాతో. నాకెందుకో ఆవిడ తనకు తానే చెప్పుకుంటున్నట్టనిపించింది.

ఏప్రిల్ 17

చెప్తానన్నాడు కదా. చెప్తాడు. మనిషి మరీ అంత చెడ్డవాడు కాదు. చక్రం తీసేస్తే బాగుంటుందనుకున్నాడు, అంతే. చెప్తాడు.

ఏప్రిల్ 19, శుక్రవారం

చెప్పాడు.

సెంటర్‌లో పొడుగు బల్ల గది. పెద్ద డాక్టరు, కొత్త డాక్టరు, తలుపు పక్కన గోడకానుకుని కళ్ళజోడు నర్సు. ఆవిడకి ఎవరూ కుర్చీ చూపించలేదు.

ఈయన లేచాడు. ఇస్త్రీ చొక్కా. ఆ చొక్కా పొద్దున నేనే తీసిచ్చాను. గొంతు సవరించుకున్నాడు.

"మా వైపు నుంచి విచారణ చేశాం. నర్సుగారి తప్పేమీ లేదని తేలింది. మా ప్రోగ్రామర్ వైపు నుంచి చిన్న పొరపాటు జరిగింది. సరిచేసేశాం. మేనేజరుగా దానికి పూర్తి బాధ్యత నేను తీసుకుంటున్నాను."

ఎంత ఉదారంగా అన్నాడో! ఎవరి భారమో తన భుజాన వేసుకుంటున్నట్టు. అంటూ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. చుట్టాల ముందు ‘ఇప్పుడొద్దు, తర్వాత మాట్లాడుకుందాం’ అనే చూపు. ఇన్నేళ్ళుగా ఆ చూపుకి తల దించుకుంటూనే వచ్చాను.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"కాదండీ" అన్నాను.

గది అంతా నా వైపు తిరిగింది. లాప్‌టాప్ గోడ తెరకి కలిపాను. నర్సుని పిలిచాను. "మీరొచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. ఇది అసలుది కాదు, టెస్ట్ కాపీ. రూలూ, సెట్టింగులూ పాతవే ఉంచాను. ఆ శనివారం ఏం చేశారో అదే చెయ్యండి."

ఆవిడ కూర్చుంది. వేళ్ళు తడబడలేదు. డాక్టరు పేరు, బరువు, బటన్. పచ్చగా ‘భద్రమైంది’.

"ఇప్పుడు ఆ రోగి రికార్డు తెరవండి."

తెరిచింది. పాత బరువే.

పెద్ద డాక్టరు కుర్చీలో ముందుకి జరిగారు. "మళ్ళీ చెయ్యండి" అన్నారు. మళ్ళీ చేసింది. మళ్ళీ పచ్చరంగే. మళ్ళీ పాత బరువే.

అప్పుడు సెట్టింగుల ఫైలు తెర మీద పెట్టి ఆ చివరి ముక్క చెరిపేశాను. "ఇప్పుడు చెయ్యండి." చక్రం గిరగిరా తిరిగింది. ఎర్రగా వచ్చింది. ‘భద్రం కాలేదు.’

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొత్త డాక్టరు "దేవుడా" అంది చిన్నగా.

"ఆ ముక్క ఎవరు పెట్టించారు?" అని అడిగారు పెద్ద డాక్టరు.

ఈయన బల్ల వంక చూస్తున్నాడు. ఆగాను. ఇప్పుడైనా అంటాడేమోనని.

"మా మేనేజరుగారు" అన్నాను. "వద్దని నేను చెప్పాను. నాకు తెలియకుండా పెట్టించారు. రిపోర్టు రాసేటప్పటికి ఆయనకి తెలుసు."

"ఆయన మీ ఆయనే కదమ్మా?"

"ఇక్కడ మేనేజరుగారండీ."

ఏప్రిల్ 20

ఇంట్లో ఎవరూ మాట్లాడడం లేదు.

ఏప్రిల్ 22

ఆఫీసులో ఈయన్ని ఆ పని నుంచి తప్పించారు. ఇంకేం చేస్తారో తెలియదు. నన్ను మెచ్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. లిఫ్టులో ఎక్కితే అందరికీ ఫోన్లు గుర్తొస్తున్నాయి. మీసాలాయన మాత్రం వచ్చి "నేను మిమ్మల్ని అడగాల్సింది మేడమ్" అన్నాడు. అడగాల్సిందే.

నర్సు మళ్ళీ డ్యూటీలో చేరిందని విని ఫోన్ చేశాను. సంతోషిస్తుందనుకున్నాను.

"చేరాను మేడమ్. కాగితం మీద కూడా రాసుకుంటున్నాను."

"ఇప్పుడు అక్కర్లేదండీ, నిజంగా..."

"రాసుకుంటాను మేడమ్. మీరు కూడా రెండు మూడు రోజులు నన్నే అనుకున్నారు. మెట్ల మీద మీ మొహం చూశాగా. అయినా ఆ రోజు కుర్చీ ఇచ్చారు. అది మర్చిపోను."

పెట్టేసింది. నామీద కోపపడడానికి ఆవిడకి హక్కుంది. అయినా కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియడం లేదు.

ఏప్రిల్ 24

అత్తయ్య ఇవాళ నోరు తెరిచారు. బట్టలు మడతపెడుతూ, నా వంక చూడకుండా అన్నారు, "అందరి ముందూ అనకుండా ఉండాల్సింది."

"అందరి ముందూ నా మీద పెట్టారు అత్తయ్యా."

"ఏం? ఏం పెట్టాడు నీ మీద?"

కొడుకు చెప్పలేదన్నమాట. భార్య తన పరువు తీసిందని చెప్పాడు, తను ముందు ఎవరి పరువు తీశాడో చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మడతపెట్టిన చొక్కా ఆవిడ చేతిలో అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి ఆయన గదిలోకి వెళ్ళారు. తలుపు వేసుకున్నారు. లోపల ఏం మాట్లాడుకున్నారో వినలేదు. ఆవిడ గొంతే వినిపించింది, ఆయనది వినిపించలేదు.

బయటికొచ్చి, "ఆ లారీ ఆయన ఎలా ఉన్నాడు?" అని అడిగారు.

"ఇంటికి పంపించారట."

"ఇల్లెక్కడో తెలుసా?"

"ఎందుకు?"

"నీకు కాదు. వాడికి."

ఏప్రిల్ 28, ఆదివారం

పొద్దున ఈయన ఎక్కడికో వెళ్ళాడు. ఎక్కడికని అడగలేదు. మధ్యాహ్నం వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను గిన్నెలు తోముతున్నాను. తిరిగి చూడలేదు.

"ఆ లారీ ఆయన దగ్గరికి వెళ్ళి వచ్చాను" అన్నాడు.

తోముతూనే ఉన్నాను.

"తిడతాడనుకున్నా. తిట్టలేదు. కూర్చోమన్నాడు. మంచినీళ్ళు వాళ్ళమ్మాయి తెచ్చింది. ఆయనకి రోజుకిన్నే తాగాలని కొలత కదా, నేను గ్లాసెత్తితే నా చేతి వంకే చూశాడు. తాగలేకపోయాను. జరిగిందంతా చెప్పాను. అలా చెయ్యొద్దని నీకెవరూ చెప్పలేదా అనడిగాడు."

చెయ్యి ఆగిపోయింది.

"చెప్పారన్నాను. ఎవరన్నాడు. మా ఆవిడన్నాను. మరి ఎందుకు వినలేదన్నాడు."

"ఏం చెప్పారు?"

"ఏం చెప్పను? మా ఆవిడ కాబట్టే వినలేదు. బయటివాళ్ళు చెప్పి ఉంటే భయపడేవాణ్ణి." గోడకి ఆనుకున్నాడు. "ఇదంతా నాకెందుకు చెప్తున్నావు, ఆవిడకి చెప్పావా అన్నాడు. చెప్పలేదన్నాను. అయితే లే, వెళ్ళు అన్నాడు."

కుళాయి కట్టేశాను. "అయితే చెప్పండి."

"చెప్పాగా ఇప్పుడు."

"ఆయనకి చెప్పిందేదో చెప్పారు. నాకు చెప్పండి."

కళ్ళు దించుకున్నాడు. "వద్దన్నావు. నేను వినలేదు. నీకు తెలీకుండా చేశాను. నర్సు మీద పెట్టాను. అది నిలవదని తెలిశాక నీ మీద పెట్టాను. నువ్వు ఊరుకుంటావనుకున్నాను."

ఇన్ని రోజులూ ఈ మాటలే వినాలనుకున్నాను. వింటే గుండె మీది బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఇంకా మండింది. తెలుసన్నమాట. ఒక్కోటీ వరసగా తెలుసు.

"ఇదే రాసి పెద్ద డాక్టరుగారికి పంపండి. ఇప్పుడే. మీరు రాసిన ఆ రిపోర్టు ఇంకా వాళ్ళ దగ్గర అలాగే ఉంది, నర్సు పేరుతో."

భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచాడు. ఎదురు కుర్చీలో కూర్చున్నాను. అత్తయ్య వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నారు, ఎవరూ పిలవకుండానే. ఆయన టైపు చేశాడు, చెరిపాడు, టైపు చేశాడు. తెర నా వైపు తిప్పాడు. ‘నా వల్ల జరిగిన చిన్న పొరపాటు కారణంగా’ అని ఉంది.

నేనేమీ అనలేదు. తెర మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. ‘చిన్న’ కొట్టేశాడు.

"‘పొరపాటు’ కూడా కొట్టేయండి" అన్నాను.

"మరేం రాయను?"

"ఏం చేశారో అది రాయండి."

వేళ్ళు కీబోర్డు మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. బయట ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. అత్తయ్య లేచి లైటు వేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. నాకు ఆకలి వేస్తోంది. పొయ్యి మీద కూర చల్లారిపోతోంది.

నేను లేవలేదు.